దొంగను మునగనివ్వని రేవు

ఈ పని ఏమిటంటే

నేను సినిమాలకు లొకేషన్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. విశాఖపట్నంలో ఎవరు కెమెరా దించినా, దాన్ని ఎవరి గుమ్మం ముందు పెట్టాలో, ఆ గుమ్మం తాలూకు మనిషిని ఏం చెప్పి ఒప్పించాలో చూసుకోవడం నా పని. ఈమధ్య ఇద్దరు ముగ్గురు పిల్లలు నన్ను పట్టుకుని, తామూ ఈ పనిలోకి వస్తున్నామని, నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగారు. మంచి మాటలు నా దగ్గర పెద్దగా లేవు. ఉన్నవేవో చెబుతాను.

లొకేషన్ మేనేజరంటే యూనిట్‌లో అందరికీ తిట్టడానికి అందుబాటులో ఉండే మనిషి. వాన పడితే అతన్నే తిడతారు. వాన సీను ఉన్న రోజున వాన పడకపోయినా అతన్నే తిడతారు. డైరెక్టరు వచ్చి, ఋషికొండలో మనిషి అడుగు పడని బీచి కావాలంటాడు. ఆదివారం పూట ఋషికొండలో మనిషి అడుగు పడని చోటు కావాలంటే సముద్రంలోకి నడిచి వెళ్ళాలి. ఆ మాట పైకి అనకూడదు. "చూస్తాను సార్" అనాలి. ఉద్యోగంలో సగం ఆ మాటే. మిగతా సగం టీ ఎక్కడ దొరుకుతుందో తెలియడం.

నాకు పని నేర్పిన రామ్మూర్తి గారు మహా కోపిష్టి. పొద్దున్నే తెల్ల లాల్చీ వేసుకుని వచ్చి, సాయంత్రానికి అది ఏ రంగులోకి మారిందో చూసుకుని, షూటింగ్ ఎలా జరిగిందో చెప్పేవారు. కానీ పని తెలిసినవారు. స్థలం చూడడం ఎవడైనా చూస్తాడు, ఆ స్థలంలో ఉన్న మనుషులు ఏం చేస్తారో ముందే తెలిసినవాడే మేనేజరు అనేవారు. ఈ మాట నేను నా కింద పనిచేసిన వాళ్ళందరికీ, నా సొంత మాటలాగా, చాలా గంభీరంగా చెప్పాను. నా ఆఖరి సినిమాలో ఆ మాటే నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

తక్కువ ఖర్చు దొర

ఆ సినిమా ఇంగ్లండు నుంచి వచ్చింది. నిజంగా బతికిన ఒక దొంగ కథ. ఇనప్పెట్టెలు తెరవడంలో అక్కడ పేరు మోసిన లెన్ అనేవాడు, పోలీసులు వెంటపడితే ఓడెక్కి తూర్పు దేశాల వైపు పారిపోయాడు. అక్కడ ఒక రేవులో పట్టుబడబోతూ నీళ్ళలోకి దూకేశాడు. పోయాడనే అందరూ అనుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత తనే వెళ్ళి లొంగిపోయి, శిక్ష అనుభవించి బయటికొచ్చాడు. సినిమా మాత్రం ఆ దూకడంతోనే అయిపోతుంది. దొంగ టోపీ నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది. గట్టు మీద జనం ఒకసారి చూసి, మళ్ళీ తలలు దించుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. ఈ లోకంలో ఎవరికీ ఎవరూ పట్టరని దాని సారాంశం. ఇది వివరించేటప్పుడు డైరెక్టరు నైజెల్ కళ్ళు చెమ్మగిల్లేవి.

డైరెక్టరూ ఆయనే, నిర్మాతా ఆయనే, కథ రాసిందీ ఆయనే. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే, భోజనాల దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డదీ ఆయనే. యూనిట్ మొత్తం ఒక మినీ బస్సులో పట్టేసి ఇంకా చోటు మిగిలేది. అసలు రేవు ఉన్న దేశానికి వెళ్ళి తీసే తాహతు లేక, మన ఫిషింగ్ హార్బరునే ఆ రేవని నమ్మించడానికి వచ్చారు.

వేట నిషేధం రోజుల్లో రమ్మని సలహా ఇచ్చింది నేనే. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో ప్రభుత్వం మరబోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వదు. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, గట్టు మీద వలలు బాగుచేసుకుంటూ మనుషులుంటారు. అడక్కుండానే సెట్టింగు సిద్ధం. వచ్చిన చిక్కల్లా ఆ బోట్ల మీద బొమ్మలతోనే. మన బోటు మీద అమ్మవారు ఉంటుంది, హీరో ఉంటాడు, పడగ విప్పిన పాము ఉంటుంది. ఆ మీసాలాయన ఎవరని నైజెల్ అడిగాడు. హీరో అన్నాను. తూర్పు దేశపు రేవులో ఆయనకేం పనని, ఆయన మీద వల కప్పమన్నాడు. కప్పాం. మర్నాటికి అభిమానులు తీసేశారు. మళ్ళీ కప్పాం, మళ్ళీ తీశారు. చివరికి మీసం మాత్రం కనబడేలా మిగతా ముఖం కప్పడానికి రాజీ కుదిరింది. ఆ సినిమాలో ఇప్పటికీ, ఎంతో విషాదంగా ఉండాల్సిన ఒక సీనులో, వల సందులోంచి ఒక మీసం తొంగి చూస్తూ ఉంటుంది.

జైలు బండి

లండన్ జైలు బండి కావాలన్నారు. ఒక పాత బస్సుకు ముదురు నీలం రంగు వేయించి, కిటికీలకు జాలీలు కొట్టించాను. చూసి నేనే మురిసిపోయాను. దారిలో మద్దిలపాలెం బస్సు డిపో దగ్గర టీ కోసం ఆపాం. మేం టీ తాగి వచ్చేసరికి బస్సు నిండిపోయింది.

దొంగ వేషం వేసిన మా హీరో గ్రాహం లోపల సంకెళ్ళతో కూర్చుని ఉన్నాడు. అతని పక్కన కూరగాయల బుట్టతో ఒక పెద్దావిడ. ఆవిడ సంకెళ్ళను చూసింది, అతని ముఖం చూసింది, ఇంత పొడుగు మనిషివి ఏం తప్పు చేశావు నాయనా అని అడిగింది. అతనికి తెలుగు రాదు కాబట్టి తల దించుకున్నాడు. పశ్చాత్తాపం అనుకుంది. బుట్టలోంచి అరటిపండు తీసి, చేతులు కట్టేసి ఉన్నాయి కదా అని తనే తొక్క ఒలిచి నోట్లో పెట్టింది. ఇది జైలు బండి, దిగమ్మా అని నేను బతిమాలాను. జైలు బండైతే గాజువాక మీదుగా వెళ్ళకూడదా అని అడిగింది. గాజువాకలో దింపి వచ్చాం.

ఈ ఊళ్ళో జనం కెమెరాను చూసి మారరు, తమ పని తాము చేసుకుపోతారు. నాకు ఆ రోజే బుర్ర వెలగాల్సింది.

దొంగ తాత

అసలు లెన్ కూడా వచ్చాడు. సలహాదారు అని పేరు. ముసలివాడు, పీచులాంటి ఒళ్ళు, ఎప్పుడూ నవ్వే ముఖం. హార్బరులో చేపల ట్రే ఒకటి బోర్లించుకుని రోజంతా దాని మీద కూర్చునేవాడు. ఇచ్చిన సలహా ఒక్కటీ లేదు. దారిన పోయేవాళ్ళ జేబులోంచి దువ్వెనో, చేతికున్న గడియారమో కాజేసి, వాళ్ళు కంగారు పడేదాకా ఆగి, వంగి నమస్కారం పెట్టి తిరిగి ఇచ్చేవాడు. మా అందరి గడియారాలూ ఒకసారైనా అతని చేతికి వెళ్ళొచ్చాయి.

అక్కడ మాకు మనుషుల్ని సమకూర్చింది నూకరాజు. బోటు యజమాని, హార్బరులో నలుగురూ మాట వినే మనిషి, నన్ను బావా అంటాడు. వాళ్ళమ్మ బంగారమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. ఆవిడ లెన్‌కు దొంగ తాత అని పేరు పెట్టింది. అతని ఆకలి చూడలేక పొద్దున్నే చద్దన్నంలో ఎండు నెత్తళ్ళు నంజుకోవడం నేర్పింది. అతను తింటూ ఇంగ్లీషులో ఏదో చెప్పేవాడు, ఆవిడ తెలుగులో ఏదో చెప్పేది. ఒకరి మాట ఒకరికి అక్షరం తెలియదు. వాళ్ళిద్దరూ అంతసేపు ఏం మాట్లాడుకునేవారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆఖరి రోజు

దూకే సీను ఆఖరి రోజుకు పెట్టుకున్నాం. ఇది తెలివితక్కువ పని, మీరెప్పుడూ చేయకండి. ఆ రాత్రితో వేట నిషేధం అయిపోతుంది. తెల్లారితే హార్బరులో ఒక్క బోటు ఉండదు, ఒక్క మనిషి ఉండడు. యూనిట్‌కు మర్నాడే విమానం. మళ్ళీ వచ్చి తీసే శక్తి నైజెల్‌కు లేదు. ఏళ్ళ తరబడి మోసుకు తిరిగిన కథ అది, ఆ ఒక్క షాట్ లేకపోతే దానికి ముగింపు లేదు, ముగింపు లేని సినిమాను ఎవరూ ముట్టుకోరు. ఏం భయం లేదు, హార్బరు నా చేతిలో ఉంది అని ఆయనకు మాటిచ్చింది నేను. నేనలా మాటిచ్చినప్పుడు మా ఆవిడ పక్కన ఉంటే గిల్లేది. ఆ రోజు లేదు.

పొద్దున్నే మొదలుపెట్టాం. గ్రాహం పొడుగు కోటు, టోపీ పెట్టుకుని గట్టు మీద పరుగెత్తుకొచ్చి దూకాడు. అద్భుతంగా దూకాడు. అతను ఈత పోటీల్లో కప్పులు గెలిచిన మనిషి. అతను నీళ్ళలోంచి తల పైకెత్తే లోపలే, తలలు దించుకుని వలలు కుట్టాల్సిన నూకరాజూ, మరో ఇద్దరూ నీళ్ళలో ఉన్నారు. ఒకడు కాలర్, ఒకడు జుట్టు పట్టుకుని గ్రాహాన్ని గట్టు మీదికి లాగి, బోర్లా పడుకోబెట్టి, వీపు మీద కూర్చుని నొక్కారు. నైజెల్ కట్ అని అరుస్తూనే ఉన్నాడు.

నేను అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇది నటన, ఆయనకు ఈత బాగా వచ్చు, మీరు చూసి ఊరుకోవాలి, అదే సీను అన్నాను. అందరూ బుద్ధిగా తలూపారు. మళ్ళీ దూకాడు. మళ్ళీ తీశారు.

వాళ్ళను మార్చి పెద్దవాళ్ళను కూర్చోబెట్టాను. వాళ్ళు దూకలేదు, కానీ తాడుకు కట్టిన టైరు విసిరారు. అది గ్రాహం నెత్తి మీద పడింది. అప్పటికి అతన్ని నిజంగానే కాపాడాల్సి వచ్చింది. మగవాళ్ళు వద్దని ఆడవాళ్ళను పెట్టాను. బంగారమ్మ పెట్టిన కేకకు ఐస్ ఫ్యాక్టరీలో పనివాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. ఇక లాభం లేదని, అందరికీ షెడ్డు వెనక టిఫిన్లు పెట్టించి, సిటీ నుంచి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులను వలల ముందు కూర్చోబెట్టాను. వాళ్ళు వలను పూలదండ కడుతున్నట్టు పట్టుకున్నారు. పోనీలే అనుకున్నాం. దభీమని శబ్దం వినబడగానే షెడ్డు వెనక నుంచి హార్బరు మొత్తం వచ్చింది, కొందరి చేతుల్లో ఇడ్లీ కూడా ఉంది.

చివరికి గ్రాహం బదులు, థర్మోకోలు కుక్కి అతని తడి కోటే తొడిగిన బొమ్మను తోశాం. దాన్నీ తీశారు. పాపం, దానికి కూడా కడుపు నొక్కారు. అది బొమ్మని తెలిశాక నూకరాజుకు నిజంగా కోపం వచ్చింది. నాకూ వచ్చింది. తెలిసీ ఎందుకు దూకుతున్నారని గట్టిగానే అడిగాను.

"తెలుసు బావా. అది నటననీ తెలుసు, ఆడికి ఈతొచ్చనీ తెలుసు," అన్నాడు నూకరాజు ఒళ్ళు తుడుచుకుంటూ. "రేపు మేం ఏటకి ఎల్తన్నాం. ఈరోజు నీళ్ళల్లో పడ్డ మనిసిని సూత్తా కూకుని, రేపు అయ్యే నీళ్ళల్లోకి ఏ ముకమెట్టుకుని ఎల్తాం?"

ఇంగ్లీషులోకి మార్చి నైజెల్‌కు చెప్పాను. ఆయన గట్టు మీద కూలబడిపోయాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఆయన పక్కనే ట్రే మీద కూర్చున్న లెన్ వైపు తిరిగి, నువ్వైనా చెప్పు, ఆ రోజు ఎవరూ దూకలేదు కదా, అందరూ చూస్తూ ఉన్నారు కదా అన్నాడు. తన కథే సరైనదని ఎవరో ఒకరు అనాలని ఆయన ఆశ.

లెన్ నవ్వడం మానేశాడు. నేను అతన్ని అలా చూడడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో మెల్లగా చెప్పుకొచ్చాడు.

"చూస్తూనే ఉన్నారు. కానీ నేను నీకు ఒకటి చెప్పలేదు. దూకింది నేనొక్కణ్ణే కాదు. రోనీ కూడా దూకాడు, నా జతగాడు. వాడికి ఈత రాదు. గట్టు నిండా జనం. ఒక్కరూ దిగలేదు. వాడి కోసం నేనూ ఆగలేదు."

కాసేపటికి నైజెల్ లేచి, స్క్రిప్టు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ముగింపు మార్చేస్తున్నానన్నాడు. దొంగ దూకుతాడు, జనం దూకి కాపాడతారు, అంతే. వాళ్ళను దూకమని చెప్పు అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. పొద్దున్నుంచీ వాళ్ళు చేస్తున్నదే కదా, ఇక నిమిషం పని.

దూకమన్నాక

దూకమని చెప్పగానే ఒక్కడూ దూకలేదు.

నేను చెబితే మీరు నమ్మరు. సీను తమదేనని తెలియగానే నూకరాజు ఇంటికి మనిషిని పంపి, పెళ్ళికి కొనుక్కున్న గడియారం తెప్పించి పెట్టుకున్నాడు. తల దువ్వాడు. ఎవరో పౌడరు తెచ్చారు. గ్రాహం దూకాడు. నూకరాజు లేచి నిలబడి, కెమెరా వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని, నీళ్ళను చూసి ఆశ్చర్యపోయాడు. మిగతావాళ్ళు ముందు నువ్వంటే ముందు నువ్వని ఒకరికొకరు దారిచ్చుకున్నారు. ఒకడు చొక్కా విప్పి మడత పెట్టుకుంటున్నాడు. గ్రాహం కాసేపు ఎదురుచూసి, తనే ఈదుకుంటూ వచ్చి మెట్లెక్కాడు.

మళ్ళీ తీశాం, ఇంకా ఘోరం. ఈసారి నూకరాజు డైలాగు కూడా చెప్పాడు. ఎండ దిగిపోతోంది. బోట్లలోకి ఐసు ఎక్కించడం మొదలైంది. నేను తలపట్టుకున్నాను, నైజెల్ నోటి వెంట కట్ అనే మాట కూడా రాలేదు, అందుకే కెమెరా తిరుగుతూనే ఉంది.

యూనిట్‌కు ఉన్నవి రెండే కోట్లు. ఒకటి తడిసి గ్రాహం ఒంటి మీద ఉంది. రెండోది ముడతలు పడకుండా లెన్ తొడుక్కుని కూర్చున్నాడు, టోపీతో సహా. అతను ట్రే మీద నుంచి లేవడం నేను చూశాను. టీకి వెళుతున్నాడనుకున్నాను. గట్టు చివరిదాకా నడిచాడు, ఒకసారి నీళ్ళలోకి చూశాడు, అంతే, కనబడలేదు. కాలు జారిందని తర్వాత అందరికీ చెప్పాడు. నన్నడిగితే ఆ ముసలాడు కావాలనే దూకాడు.

అప్పుడు చూడాలి. చొక్కాలు లేవు, దువ్వెనలు లేవు, కెమెరా ఎవరికీ గుర్తులేదు. ఎంతమంది దూకారో నాకు తెలియదు. నూకరాజు గడియారంతో సహా దూకాడు. జూనియర్ ఆర్టిస్టు ఒకడు ఈత రాకుండానే దూకితే వాణ్ణి ఇంకో ఇద్దరు తీశారు. లెన్‌ను చేతుల మీద మోసుకొచ్చి పడుకోబెట్టారు. బంగారమ్మ కొంగుతో అతని తల తుడుస్తూ, ఈ వయసులో నీకు ఇదేం పోయేకాలం అని తిట్టింది. అతను కాసేపు దగ్గి, కళ్ళు తెరిచి, గుప్పిట విప్పాడు. అందులో నూకరాజు పెళ్ళి గడియారం ఉంది. చెవి దగ్గర పెట్టుకుని విని, ఆగిపోయిందని సైగ చేసి, పడుకునే నమస్కారం పెట్టి ఇచ్చేశాడు. హార్బరంతా పగలబడి నవ్వింది.

ఆ నవ్వుల్లో అతను నా చెయ్యి పట్టుకుని, వీళ్ళు కాస్త ఆలస్యంగా వచ్చారు, అయినా వచ్చారు, అది చెప్పు అన్నాడు. చెప్పాను. నూకరాజు చిన్నబుచ్చుకున్నాడు.

"ఆలీసమేటి బావా? ఆడు పడీపడగానే దూకేసినాం గదా."

నిన్ను కాదులే అని, రోనీ సంగతి చెప్పాను. సాయంత్రం బోటు ముందు కొబ్బరికాయ కొట్టేటప్పుడు నూకరాజు ఒకటి ఎక్కువ కొట్టాడు. ఎవరి పేరున అని నేను అడగలేదు. చెక్క తీసుకెళ్ళి లెన్ చేతిలో పెట్టాడు.

మిగిలింది

పిల్లలూ, దీన్నుంచి మీరేం నేర్చుకుంటారో నాకు తెలియదు. మనుషుల్ని ఆపడం కష్టం, నటించమనడం ఇంకా కష్టం, కెమెరాను ఊరికే తిరగనివ్వడం అన్నిటికంటే తెలివైన పని. నేను ఇన్నేళ్ళలో చాలా పెద్ద సినిమాలకు పనిచేశాను. గర్వంగా చెప్పుకునేది మాత్రం ఈ ఒక్కటే.

ఆ సినిమా మన దగ్గర ఎక్కడా ఆడలేదు. నైజెల్ పంపితే నూకరాజు ఇంట్లో అందరం ఫోనులో చూశాం. మీసం కనబడ్డప్పుడు పిల్లలు ఈలలు వేశారు. లెన్ దూకిన షాటే చివర ఉంది, వెనక నుంచి గ్రాహంలాగే ఉన్నాడు. దాంతోపాటు అక్కడి పత్రికలో ఎవరో రాసిన సమీక్ష కూడా నైజెల్ పంపాడు. సినిమా అంతా సహజంగా ఉందట, చివర్లో ముక్కూ మొహం తెలియని దొంగ కోసం హార్బరు మొత్తం నీళ్ళలోకి దూకడం మాత్రం నమ్మేలా లేదట. నిజ జీవితంలో అలా జరగదట.

నేను దాన్ని తెలుగులో చదివి వినిపించాను. నూకరాజు వల కుడుతూ, తలెత్తకుండానే విన్నాడు.

"ఆ రాసినోణ్ణి ఓపాలి మన హార్బరుకి రమ్మను బావా," అన్నాడు. "నానే నీళ్ళల్లోకి తోసేత్తాను. తరవాత మావోళ్ళు తీత్తారు."